కుళ్లబెట్టే పెట్టె తాను కుళ్లకుండా

పెరట్లో రాలిన మామిడాకులు, కూరగాయల తొక్కలు, వాడిన పూలు ఒకచోట పోగేసి, తడిపి, అప్పుడప్పుడు తిరగేస్తుంటే మూడు నాలుగు నెలల్లో నల్లటి ఎరువవుతాయి. ఆ పోగు చుట్టూ నాలుగు వైపులా పలకలు కొట్టి పెట్టె చేస్తే, ఆ పెట్టె మాత్రం ఏళ్లు నిలుస్తుంది. ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ఆకూ చెట్టుదే, పలకా చెట్టుదే. రెండింటిలోనూ ప్రధానంగా ఉన్న పదార్థాలు ఒకటే. ఒకే తడిలో, ఒకే సూక్ష్మజీవుల గుంపు మధ్య రెండూ ఆనుకుని ఉన్నాయి. లోపలి ఆకును నెలల్లో తినేసే జీవులు పక్కనే ఉన్న గోడను ఎందుకు వదిలేశాయి? నిజానికి వదల్లేదు, నెమ్మదిగా తింటున్నాయి. ఆ నెమ్మది రెండేళ్లా పదేళ్లా అన్నది కలప రకాన్ని బట్టి కొంత, పెట్టె కట్టిన తీరును బట్టి మరికొంత ఉంటుంది. రెండో భాగం మన చేతిలో ఉన్నది, పైగా ఖర్చు లేనిది.

వడ్రంగం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చెక్క పనంటే సందు లేకుండా బిగించడమే అనుకుంటారు. కిటికీకి, బల్లకు, బీరువాకు అది నిజమే. కంపోస్టు పెట్టెకు మాత్రం ఆ సూత్రం తిరగబడుతుంది. ఇక్కడ పలకకూ పలకకూ మధ్య, పలకకూ నేలకూ మధ్య, తలుపు పలకకూ గాడికీ మధ్య ఎంత ఖాళీ వదిలామన్నదే పెట్టె ఆయుష్షును నిర్ణయిస్తుంది. చేయి తిరగనివాళ్లు చేసే వదులు పని ఇక్కడ శాస్త్రీయంగా సరైన పని. ఎందుకో తెలియాలంటే ముందు చెక్క ఎలా చివుకుతుందో చూడాలి.

చెక్కను తినడం ఎందుకంత కష్టం

పల్లెల్లో వెదురు తడిక అల్లి, దానికి రెండు వైపులా మట్టి మెత్తి కట్టే గోడను గుర్తు తెచ్చుకోండి. చెక్క కణం గోడ దాదాపు అలాంటిదే. సన్నటి పొడవాటి సెల్యులోజ్ పోగులు తడిక. వాటి చుట్టూ మెత్తిన మట్టి లిగ్నిన్. సెల్యులోజ్ అంటే గొలుసుగా పేర్చిన చక్కెరే కాబట్టి సూక్ష్మజీవులకు ఇష్టమైన తిండి. లిగ్నిన్ అలా కాదు. క్రమం లేకుండా అల్లుకున్న మొండి పదార్థం, దాన్ని విడదీయగలిగే జీవులు చాలా తక్కువ. లేత ఆకులో లిగ్నిన్ కొద్దిగానే ఉంటుంది. కలపలో సుమారు 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. అందుకే ఆకును తినే బాక్టీరియా పలక ముందు దాదాపు చేతులెత్తేస్తుంది. ఆ గోడను బద్దలు కొట్టగలిగినవి శిలీంధ్రాలు, అంటే పుట్టగొడుగుల జాతివి. వాటిలో కొన్ని మట్టినీ తడికనూ కలిపి తింటాయి. అప్పుడు చెక్క తెల్లబడి పీచుపీచుగా విడిపోతుంది. మరికొన్ని మట్టిని చాలావరకు అలాగే ఉంచి తడికను మాత్రం లాగేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టిలా చదరాలు చదరాలుగా పగులుతుంది. పాత ద్వారబంధాల అడుగున ఈ రెండో రకాన్ని చూడవచ్చు.

ఇంకో రెండు కారణాలున్నాయి. మొదటిది మందం. బెల్లం దిమ్మను చీమలకు వదిలితే రోజులు పడుతుంది, అదే బెల్లం పొడి చేసి చల్లితే గంటలో ఖాళీ. తినేవాళ్లకు అందేది పైతలమే. ఆకు మొత్తం పైతలమే, అంగుళం మందం పలకలో ఎక్కువ భాగం లోపలే దాగి ఉంటుంది. అదే పలకను చిత్రిక పట్టి పొట్టుగా మార్చి కుప్పలో కలిపితే పలకకంటే ఎన్నో రెట్లు వేగంగా మాయమవుతుంది. రెండోది నత్రజని. సూక్ష్మజీవులు ఒంటిని కట్టుకోవడానికి కార్బన్‌తో పాటు నత్రజని కావాలి. కుప్ప బాగా మాగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉండాలన్నది కంపోస్టు చేసేవాళ్లందరూ పాటించే లెక్క. చెక్కలో ఒక పాలు నత్రజనికి కార్బన్ కొన్ని వందల పాళ్లు ఉంటుంది. అన్నం కుండెడు ఉండి పప్పు చెంచాడు ఉన్న విస్తరి లాంటిది, కడుపు నిండినా ఒళ్లు పెరగదు.

ప్రమాదం కుప్ప నడుమ కాదు, గోడ దగ్గర

బాగా పేర్చిన కుప్ప నడుమ వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి చెక్క పాడవుతుందేమోనన్న అనుమానం సహజం. అంతకంటే ఎక్కువ వేడిలోనే కలపను బట్టీల్లో ఆరబెడతారు, కనుక వేడి చెక్కకు చేసే హాని ఏమీ లేదు. పైగా చెక్కను తినే శిలీంధ్రాల్లో ఎక్కువ భాగం ఆ వేడికి బతకలేవు. అసలు చిక్కు కుప్ప అంచున ఉంది. నడుమ నుంచి గోడ వైపు వస్తున్న కొద్దీ వేడి తగ్గి, పలకను తాకే చోట 30 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. అది శిలీంధ్రాలకు మహా హాయిగా ఉండే వేడి. తడి కుప్ప నుంచి అందుతుంది, గాలి బయట నుంచి అందుతుంది. చెక్కలో కొరతగా ఉన్న నత్రజని కూడా కుప్ప నుంచి ఊరే రసంతో కలిసి పలకలోకి ఇంకుతుంది. పప్పు చెంచాడే ఉన్న విస్తరిలో మనమే గరిటెతో వడ్డించినట్టు. వర్షంలో తడిసే కంచె పలక కంటే కంపోస్టు పెట్టె పలక త్వరగా చివకడానికి కారణం ఇదే. ఈ నాలుగు హంగుల్లో మనం అడ్డుకోగలిగినది ఒక్కటే: తడి ఎంతసేపు నిలుస్తుందన్నది.

> తడి, గాలి రెండూ ఉన్న చోటే
>
> చెక్కలో తేమ దాని పొడి బరువులో 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రాలు పెరగలేవు. 30 శాతం దగ్గర కణం గోడలు పూర్తిగా నానిపోతాయి, అక్కడి నుంచి వాటికి పండగ. నీడన, గాలి ఆడే చోట ఉన్న చెక్క మన కోస్తాలో కూడా 20 శాతం దాటడం అరుదు. కనుక చెక్కను చివికించేది గాలిలోని తేమ కాదు, ఆరకుండా నిలిచిన నీరు. నీరు మరీ ఎక్కువైనా చివకదన్నది విచిత్రం. వెనిస్ నగరం కట్టడాల కింద బురదలో దిగగొట్టిన దుంగలు వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయంటే అక్కడ శిలీంధ్రాలకు ఊపిరి ఆడకపోవడమే ప్రధాన కారణం. మన దగ్గర బావుల పనికి నేరేడు చెక్క వాడే పాత అలవాటులోనూ ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉండటం ఆ చెక్కకు రక్ష. నేలలో పాతిన గుంజను పీకి చూస్తే అడుగు గట్టిగానే ఉంటుంది, పైభాగమూ గట్టిగానే ఉంటుంది. నేల మట్టం దగ్గర, తడీ గాలీ కలిసే జానెడు మేర మాత్రం చివికి సన్నబడి ఉంటుంది.

సందు చేసే పనులు

పలకకూ పలకకూ మధ్య అర అంగుళం సందు వదిలారనుకుందాం. కుప్ప నడుమ వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాని స్థానంలోకి పక్క సందుల్లోంచి కొత్త గాలి వస్తుంది. పొయ్యి కింద గాలి రంధ్రం ఉంటే మంట బాగా మండినట్టే, లోపలి సూక్ష్మజీవులకు ఆక్సిజన్ అందుతుంది. ఆక్సిజన్ అందక వేరే రకం జీవులు చేరినప్పుడే ఎరువు గుంత ముక్కులు పగిలే వాసన వేస్తుంది. ఇది ఎరువుకు జరిగే మేలు. పలకకు జరిగే మేలు వేరు. సందు దగ్గర పలక రెండు అంచులూ గాలికి తెరుచుకుని ఉంటాయి, కాబట్టి లోపలి ముఖం తడిసినా బయటి ముఖం నుంచీ అంచుల నుంచీ ఆరుతూ ఉంటుంది. రెండు పలకల్ని ఆనించి బిగిస్తే ఆ అతుకు మధ్య వెంట్రుకవాసి సన్నటి ఖాళీ మిగులుతుంది. సన్నటి ఖాళీ నీటిని పీల్చుకుని వదలదు, దీపం వత్తి నూనెను పీల్చినట్టు. గాలి దూరేంత వెడల్పు లేదు, నీరు కారిపోయేంత వెడల్పూ లేదు. చివకడం మొదలయ్యేది అక్కడే.

మూడో పని చెక్క ఉబ్బడానికి చోటివ్వడం. చెక్క నానినప్పుడు పొడవులో దాదాపు పెరగదు. పెరిగేది వెడల్పులో. అయిదు అంగుళాల వెడల్పు పలక బాగా ఎండిన స్థితి నుంచి పూర్తిగా నానేసరికి కలపను బట్టి పావు అంగుళం దాకా ఉబ్బవచ్చు. ఒక పక్క మీద ఆరు పలకలు ఆనించి కొడితే మొత్తం ఉబ్బు అంగుళం దాటవచ్చు. ఆ ఒత్తిడికి దారి లేక పలకలు విల్లులా వంగుతాయి, మేకులు లేచిపోతాయి. వానాకాలంలో తలుపు పట్టేయడం ప్రతి ఇంట్లో చూసేదే, ఇక్కడ అది ఏడాదంతా జరుగుతుంది. సందు ఉంటే పలక ఉబ్బి, తగ్గి, తన మానాన తానుంటుంది.

ఇక్కడొక గట్టి ఆక్షేపణ ఉంది. మన మండువా లోగిళ్లలో వడ్రంగులు సందు లేకుండా కూర్చిన దూలాలు, స్తంభాలు వందేళ్లు దాటి నిలిచాయి కదా, బిగింపు చెడ్డదైతే అవెలా నిలిచాయి? ఆ ఇళ్లను అడుగు నుంచి పైదాకా చూస్తే జవాబు కనిపిస్తుంది. స్తంభం ఎక్కడా మట్టిని తాకదు, రాతి దిమ్మ మీద నిలబడుతుంది. పైన పెంకుల కప్పు, ముందుకు దిగిన చూరు వాన చినుకును అతుకుల దాకా రానివ్వవు. ఆ కూర్పు నైపుణ్యం బలాన్నిస్తే, చూరూ రాయీ ఆయుష్షునిచ్చాయి. చూరు కూలిన ఇంట్లో అంతటి పనితనమూ కొన్ని వానాకాలాల్లో పుచ్చిపోతుంది. కంపోస్టు పెట్టెకు లోపలే వాన. అంత మంచి అతుకును అక్కడ పెట్టడం ఆ పనితనాన్ని వృథా చేయడమే.

కొలతలు, కూర్పు

పెట్టె ఎంతుండాలన్నది వేడి తేల్చే లెక్క. వేడి పుట్టేది కుప్ప ఘనపరిమాణంలో, పోయేది పైతలం నుంచి. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెలో 27 ఘనపుటడుగుల సరుకు పడుతుంది, దాని చుట్టూ 54 చదరపుటడుగుల పైతలం ఉంటుంది. అంటే ప్రతి ఘనపుటడుగు వేడీ రెండు చదరపుటడుగుల మీదుగా పోతుంది. కొలతలు సగం చేసి అడుగున్నర పెట్టె కడితే ఆ రెండు కాస్తా నాలుగవుతుంది, వేడి నిలవదు. మరీ పెద్దదైతే నడుముకు గాలి అందదు, తిరగేయడానికి చేయీ అందదు. అందుకే పెరటి పెట్టెలు దాదాపు ఎక్కడైనా మూడు నాలుగు అడుగుల దగ్గరే ఆగుతాయి. న్యూజిలాండ్ పెట్టెగా పేరుబడ్డ పాత నమూనా కూడా సుమారు నాలుగడుగుల చదరం, అడుగు లేనిది, పలకల మధ్య సందు వదిలినది. ఇంటి చెత్త మాత్రమే రోజుకు గుప్పెడు పడే పెట్టెలో ఈ వేడి రాదన్నది ఒప్పుకోవాలి. ఎండుటాకులు ముందుగా పోగేసి ఉంచి, ఒకేసారి పొరలుగా నింపితేనే వస్తుంది. రాకపోయినా ఎరువవుతుంది, సమయం ఎక్కువ పడుతుంది, కలుపు విత్తనాలు చావవు.

సరుకు ఎక్కువేం కాదు. మూడంగుళాల చదరం గుంజలు నాలుగు, అయిదంగుళాల వెడల్పు అంగుళం మందం ఉన్న మూడడుగుల పలకలు ఒక్కో పక్కకు ఆరు చొప్పున ఇరవై నాలుగు. ఆరు పలకల వెడల్పు 30 అంగుళాలు, మధ్య సందులు అయిదు కలిపి రెండున్నర. అడుగున నేలకు రెండంగుళాలు వదిలితే మొత్తం మూడడుగుల లోపే వస్తుంది. సందు కొలతకు టేపు అక్కర్లేదు, అర అంగుళం మందం చెక్కముక్క ఒకటి మధ్యలో పెట్టి కొడుతూ పోతే అన్ని సందులూ సమానంగా వస్తాయి. పెట్టె చదరం తప్పిందేమో చూడటానికి మూలమట్టం మీదే ఆధారపడనక్కర లేదు. మూల నుంచి ఎదురు మూలకు తాడు పట్టి రెండు ఐమూలలూ కొలవాలి. సమానమైతే చదరం కుదిరినట్టే.

పలకల్ని గుంజలకు ఏ వైపు కొట్టాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. చూడ్డానికి బాగుంటుందని బయటి వైపు కొడతారు. తడి ఎరువు నిండిన మూడడుగుల పెట్టె నాలుగైదు వందల కిలోలు తూగవచ్చు. ఆ బరువు పక్కలకు తోస్తుంది, అడుగున ఇంకా గట్టిగా తోస్తుంది. పలక బయట ఉంటే ఆ తోపు మొత్తం మేకు మీద పడి, దాన్ని గుంజలోంచి లాగుతుంది. పలక గుంజకు లోపలి వైపు ఉంటే అదే తోపు పలకను గుంజకే అదుముతుంది. అప్పుడు మేకు చేయాల్సిన పని పలకను జారకుండా పట్టుకోవడమే. మేకు కంటే మరమేకు మంచిది, ఊడదీసి పలక మార్చుకోవచ్చు. జింకు పూత ఉన్నవో స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలి. మామూలు ఇనుము తడి చెక్కలో తుప్పు పడుతుంది, ఆ తుప్పు చుట్టూ ఉన్న చెక్కను కూడా బలహీనం చేస్తుంది. ముందుగా డ్రిల్లుతో రంధ్రం చేసుకోకపోతే పలక చివర నిలువునా చీలుతుంది. ఆ చీలిక కూడా నీరు నిలిచే సన్నటి ఖాళీయే.

పలక పక్క ముఖాల కంటే కోసిన చివరలు నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తాయి. చెట్టు వేరు నుంచి కొమ్మకు నీరు మోసిన గొట్టాలన్నీ అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందుకని ఆ చివరలు మట్టిని తాకకూడదు, బురద నిలిచే మూలల్లో ఉండకూడదు. గుంజల్ని నేలలో పాతకుండా ఒక్కో దాని కింద ఒక నాపరాయి ముక్క పెడితే సగం సమస్య తీరుతుంది. మండువా స్తంభం కింది దిమ్మ చేసే పనే అది. పెట్టె అడుగును మాత్రం తెరిచే ఉంచాలి, అదనపు నీరు నేలలోకి దిగాలి, వానపాములు పైకి రావాలి. ఎలుకల భయముంటే సన్నకంత ఇనుప జాలీ పరిస్తే చాలు. ముందు వైపు పలకల్ని కొట్టకుండా, రెండు బద్దల మధ్య గాడిలో పై నుంచి జార్చేలా పెడితే ఎరువు తీయడం తేలిక. గాడి పలక మందం కంటే కనీసం పావు అంగుళం ఎక్కువ ఉండాలి. బిగుతుగా చేసిన గాడిలో పలక మొదటి వారంలోనే ఉబ్బి ఇరుక్కుంటుంది.

చేవ ఎక్కడుంది

అన్ని కలపలూ ఒకటి కాదు, ఒకే చెట్టులో అన్ని భాగాలూ ఒకటి కాదు. మాను నడుమ ముదురు రంగులో ఉండే చేవలో చెట్టు తన జీవితకాలంలో నింపుకున్న చేదు, విష రసాయనాలుంటాయి. వాటివల్లే టేకు చేవను శిలీంధ్రాలూ చెదలూ సులభంగా ముట్టవు. చుట్టూ ఉన్న లేత రంగు చెక్కలో అవి లేవు, అది టేకుదైనా మామిడి చెక్కలాగే త్వరగా పోతుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థ కలప ముక్కల్ని సగం వరకు నేలలో పాతి ఎన్ని నెలలు నిలుస్తాయో చూసే పరీక్ష చేస్తుంది. 120 నెలలు దాటినది మొదటి తరగతి, 60 నెలలు కూడా నిలవనిది చివరి తరగతి. టేకు ఖరీదు భరించలేమనే మాట న్యాయమైనదే. పాత ఇళ్లు పడగొట్టిన చోట దొరికే టేకు పట్టెలు, వాసాలు దీనికి చక్కగా సరిపోతాయి, వాటిలో చేవే ఎక్కువ. ముదిరిన తాటి పట్టెలు కూడా గట్టివే, కాని కొత్తవాళ్ల రంపానికి లొంగవు. వేప మధ్యస్థం. సరుకు రవాణాకు వాడే ప్యాలెట్ల చెక్క తేలిగ్గా దొరుకుతుంది, తక్కువ కాలమే నిలుస్తుంది. దాన్ని ఎంచుకుంటే ముద్ర చూడాలి. హెచ్‌టీ అక్షరాలుంటే వేడితో శుద్ధి చేసినది, వాడవచ్చు. ఎంబీ అని ఉంటే విషవాయువు పట్టించినది, వదిలేయాలి. ప్లైవుడ్ తడికి పొరలుగా విడిపోతుంది, దాని జిగురు ఎరువులో కలవడం ఎవరికీ మంచిది కాదు.

చెదల సంగతి మన నేలల్లో విడిగా చెప్పుకోవాలి. శిలీంధ్రాల కంటే ముందు అవే వస్తాయి. అవి వెలుగులో నడవవు, మట్టి గొట్టం కట్టుకుని వస్తాయి. గుంజ నేలలో ఉంటే ఆ దారి మనకు కనపడదు. నాపరాయి మీద ఉంటే రాయి పక్కగా గొట్టం పైకి రావాల్సిందే, చీపురుతో రాల్చేయవచ్చు. రోహిణి కార్తె ఎండల్లో కుప్ప అంచులు బాగా ఎండిపోతే చెదలకు అది ఆహ్వానం. చెట్టు నీడన పెట్టి, తడి గోనెపట్టా కప్పి ఉంచితే కుప్పకూ పలకకూ రెండిటికీ మంచిది. వానాకాలంలో గోనె తీసి, కాస్త వాలుగా రేకు కప్పాలి. రేకు పెట్టె అంచు దాటి నాలుగంగుళాలు ముందుకు ఉంటే అదే దీనికి చూరు.

రంగు, తారు, ప్లాస్టిక్

ఇంత శ్రమ ఎందుకు, రంగు వేస్తే పోదా అనేది అందరూ అడిగేదే. రంగు నీటిని రానివ్వదు, నిజమే, పొర చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం. ఉబ్బుతూ తగ్గుతూ ఉండే పలక మీద ఆ పొర ఏడాది తిరిగేలోగా ఎక్కడో పగులుతుంది. పగులులోంచి నీరు లోపలికి పోతుంది, మిగతా పొర దాన్ని ఆరనివ్వదు. రంగు కింద మెత్తబడిన కిటికీ చెక్క ఇలా తయారైనదే. పల్లెల్లో గుంజలకు పూసే వాడేసిన ఇంజన్ ఆయిల్, తారు ఇంకా ప్రమాదం. వాటిలోని హానికర పదార్థాలు ఎరువులోకి, అక్కడి నుంచి తోటకూర మడిలోకి చేరే దారి ఉంది. క్రియోసోట్ అనే తారు నూనె పట్టించిన పాత రైలు స్లీపర్లకూ ఇదే వర్తిస్తుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి పట్టించిన కలపను అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల వాడకానికి తయారు చేయడం ఆపేశారు. శిలీంధ్రాలను చంపే మందు పూసిన పెట్టెలో శిలీంధ్రాలను పెంచాలనుకోవడం తర్కానికి కూడా నిలవదు.

పెట్టెనే మానేసి గొయ్యి తవ్వితే సరిపోదా? సరిపోతుంది. సూక్ష్మజీవులకు పెట్టె అవసరం లేదు. శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్‌లో రూపొందించి 1931లో పుస్తకంగా ప్రకటించిన పద్ధతి గోతుల్లోనే సాగింది. అయితే వానాకాలంలో గొయ్యి నీటితో నిండుతుంది కాబట్టి అప్పుడు నేల మీద కుప్పలే వేయమన్నారు వాళ్లు. నేల మీది కుప్పను ఎత్తుగా, నిటారుగా నిలబెట్టి, కుక్కలు చెదరగొట్టకుండా చూసేదే పెట్టె. ప్లాస్టిక్ డ్రమ్ము, సిమెంటు ఒర చివకవు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అవే తగినవి కూడా. నేల ఉన్న పెరట్లో మాత్రం చెక్కది మేలు. సిమెంటు కంటే చెక్క వేడిని బాగా పట్టి ఉంచుతుంది. ఒర పగిలితే మొత్తం పారేయాలి, పలక పోతే పలకే మార్చుకోవాలి.

పోయే పలక ఏదో ముందే తెలుసు. అడుగు వరుసదే. బరువు, తడి, ఊరే రసం అన్నీ అక్కడే చేరతాయి. ప్రతి వేసవిలో పెట్టె ఖాళీ చేసినప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో ఆ పలకల్ని లోపలి వైపు నుంచి గుచ్చి చూడాలి. మొన ఆగితే ఇంకో ఏడాది ఢోకా లేదు. అర అంగుళం దిగబడితే ఆ పలక విప్పి, పై వరుసలోని గట్టి పలకను కిందికి దించి, కొత్తది పైన కొట్టాలి.